ఇరవై ఐదు ఫ్రేముల గొడవ: సీసీ ఫుటేజీ పరిశీలనకు సాఫ్ట్‌వేర్ ఎంచుకోవడంలో నా అనుభవం

ఒంగోలులో మా అన్నయ్యకు సీసీ కెమెరాల షాపు ఉంది. ఇళ్ళకు, దుకాణాలకు, చీమకుర్తి వైపు గ్రానైట్ యూనిట్లకు కెమెరాలు బిగించడం ఆయన పని. నేను ఈసీఈ చదివి, చెన్నైలో కొన్నాళ్ళు ఉద్యోగం చేసి వచ్చి, ఇప్పుడు షాపులో కంప్యూటర్ పని చూస్తున్నాను. మునుపు జనం కెమెరాలు పెట్టించుకోవడానికి వచ్చేవాళ్ళు. ఈ మధ్య కెమెరాలో పడినదాన్ని పట్టుకుని వస్తున్నారు. స్కూటర్ పోయినవాళ్ళు, గల్లాపెట్టె ఖాళీ అయినవాళ్ళు, రాత్రిపూట గేటుకు ఎవరో గుద్ది వెళ్ళిపోయారనేవాళ్ళు. అందరి నోటా ఒకటే మాట: "కాస్త క్లియర్ చేసి పెట్టండి."

ఆ మాట వినీ వినీ, వీడియోను క్లియర్ చేసే సాఫ్ట్‌వేర్లలో ఏది మంచిదా అని నేనూ వెతకడం మొదలుపెట్టాను. అప్పుడే లాయర్‌పేట నుంచి ఒక లాయర్ గారు పెన్‌డ్రైవ్ పట్టుకుని వచ్చారు. ఆ తర్వాత నేను వెతికే వస్తువే మారిపోయింది.

ఆయన ఎక్కువగా మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ కేసులు చూస్తారు. చీమకుర్తి రోడ్డులో లారీ, బైకు గుద్దుకుని బైకు మీదున్న మనిషి చనిపోయాడు. ఆయన భార్య పరిహారం కోసం దావా వేసింది. బైకు మితిమీరిన వేగంతో వచ్చింది కాబట్టి తప్పులో సగం అతనిదేనని అవతలి పక్షం వాదన. రోడ్డు పక్కన గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ గేటు కెమెరాలో ప్రమాదానికి ముందు బైకు వెళ్ళడం పడింది. పెన్‌డ్రైవ్‌లో ఉన్నది ఆ ముక్కే, ఎంపీ4 ఫైలుగా.

"ఏమ్మా, చూస్తే ఏమనిపిస్తోంది?" అన్నారు.

"స్పీడుగానే ఉంది సార్."

"అదే నా టెన్షన్. ఆ మనిషి బండి నలభై దాటదని ఊరంతా చెబుతోంది. వీడియో చూస్తే ఇట్లా ఉంది."

వీడియో మళ్ళీ పెట్టాను. ఈసారి బైకును చూడకుండా వీడియో పైమూలన కెమెరా ముద్రించిన గడియారాన్ని చూశాను. ఆ గడియారంలో ఒక నిమిషం గడిచేసరికి కింద ప్లేయర్ చూపిస్తున్న సమయం 36 సెకన్లే. అంటే బైకే కాదు, ఆ వీడియోలో రోడ్డు దాటే కుక్క కూడా వేగంగానే వెళ్తోంది. సాఫ్ట్‌వేర్ ఏదీ అక్కర్లేదు, ఫుటేజీ చేతికి వచ్చిన ఎవరైనా ముందు చేయాల్సింది ఈ ఒక్క పరీక్ష.

కారణం ఊహించడం కష్టం కాలేదు. ఆ యూనిట్‌లో డీవీఆర్, అంటే కెమెరాల రికార్డింగు దాచే పెట్టె, పెట్టింది మేమే. హార్డ్‌డిస్క్‌లో ఎక్కువ రోజులు నిలవాలని సెకనుకు 15 ఫ్రేములకు, అంటే 15 బొమ్మలకు, సెట్ చేసి ఉంది. ఎంపీ4 ఫైలును మీడియాఇన్ఫో అనే, ఫైలు వివరాలు చూపించే సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే సెకనుకు 25 ఫ్రేములని రాసి ఉంది. 60 సెకన్లలో తీసిన 900 ఫ్రేములను సెకనుకు 25 చొప్పున ఆడిస్తే 36 సెకన్లలో అయిపోతాయి. ఎవరో డీవీఆర్ ఫైలును ఏదో ఉచిత కన్వర్టర్‌లో వేసి మార్చారు. ఆ కన్వర్టర్ ఫైలులో ఉన్న సమయాలను పక్కన పడేసి, బొమ్మలను మాత్రమే తీసుకుంది. హెచ్.264 అనేది వీడియోను కుదించే ఒక పద్ధతి. సమయం చెప్పని అలాంటి వీడియో చేతికొస్తే చాలా సాఫ్ట్‌వేర్లు 25 అనే అనుకుంటాయి. వీడియోలను చదివి మార్చే ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే సాఫ్ట్‌వేర్ కూడా అంతే, మనం వేరే అంకె చెప్పకపోతే.

దీంతో బైకు వేగం ఎంత మారుతుందో చూడండి. యూనిట్ గేటు స్తంభం నుంచి కరెంటు స్తంభం దాకా 20 మీటర్లు. ఆ దూరం దాటడానికి బైకుకు 30 ఫ్రేములు పట్టింది. సెకనుకు 25 అనుకుంటే 1.2 సెకన్లు, గంటకు 60 కిలోమీటర్లు. సెకనుకు 15 అనుకుంటే 2 సెకన్లు, గంటకు 36. ఊరంతా చెబుతున్న నలభై లోపే.

లాయర్ గారి ముఖం వెలిగిపోయింది కానీ, నా పని అక్కడే మొదలైంది. ఇది నా నోటిమాటగా చెబితే చెల్లదు. ఏ సాఫ్ట్‌వేర్‌తో తెరిచానో, అది ఫైలును ఏం చేసిందో, రేపు అవతలి లాయర్ ఇంకో కంప్యూటర్లో చేసి చూసినా ఇదే లెక్క వస్తుందో లేదో చూపించగలగాలి. బొమ్మ ఎంత అందంగా చూపిస్తుందన్న ప్రశ్న అప్పటికి నా జాబితాలో అడుగుకు పోయింది.

అదృష్టం ఏమిటంటే యూనిట్ మేనేజర్ గారు ప్రమాదం జరిగిన రోజే డీవీఆర్ నుంచి బ్యాకప్ తీసి దాచిపెట్టారు. డీవీఆర్‌లో మాత్రం ఆ తేదీ ఎప్పుడో చెరిగిపోయింది. డిస్కు నిండగానే పాతదాని మీద కొత్తది రాసుకుంటూ పోవడం వాటి స్వభావం. బ్యాకప్‌లో ఉన్నది డీఏవీ ఫైలు. దహువా కంపెనీ డీవీఆర్లు, అదే బోర్డుతో వేరే పేర్ల మీద అమ్మే చాలా డీవీఆర్లు ఇచ్చే రకం ఇది. ఫైలు లోపలి బైట్లను ఉన్నవి ఉన్నట్టు చూపించే హెచ్ఎక్స్‌డీ లాంటి హెక్స్ ఎడిటర్‌లో తెరిస్తే ఒక్కో ఫ్రేము ముందు డీహెచ్ఏవీ అనే నాలుగు అక్షరాలు, వాటి వెనకే ఆ ఫ్రేము సమయం కనిపిస్తాయి. కన్వర్టర్ మింగేసింది ఈ సమయాన్నే.

మొదట సలహా ఇచ్చింది అన్నయ్య స్నేహితుడు. ఆయనకు పెళ్ళి వీడియోల స్టూడియో ఉంది. "ప్రీమియర్‌లో వేద్దాం, లేకపోతే డావిన్చీ రిజాల్వ్ ఉంది, ఫ్రీ" అన్నాడు. ఎడిటింగ్‌కు రిజాల్వ్ గొప్పదే, కాదనను. కానీ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రతి వీడియోనూ తన టైమ్‌లైన్ వేగానికి సర్దుకుంటుంది. డీవీఆర్ ఫ్రేములు సమానమైన ఎడంతో రావు. ఒకటి 60 మిల్లీసెకన్లకు, ఇంకొకటి 80కి, మధ్యలో ఒకటి రాకుండా పోవచ్చు కూడా. వాటిని సమానం చేయడానికి ఎడిటర్ కొన్ని ఫ్రేములను రెండుసార్లు చూపిస్తుంది, కొన్నింటిని వదిలేస్తుంది. పెళ్ళి వీడియోలో అది మేలు. ఇక్కడ 30 ఫ్రేములు 32 అయితే నా లెక్క గంగపాలు.

కాబట్టి సాఫ్ట్‌వేర్లకు నేనే ఒక పరీక్ష పెట్టాను. అదే మోడల్ డీవీఆర్ షాపులో ఉంటే 15 ఫ్రేములకు సెట్ చేసి, కెమెరా ముందు స్టాప్‌వాచ్ పెట్టి రికార్డు చేశాం. మా దగ్గర పనిచేసే కుర్రాడు దాని ముందు నుంచి అటూ ఇటూ నడుస్తుంటే, "అక్కా, నన్ను దొంగలాగా తీస్తున్నారా?" అని నవ్వు. ఆ రికార్డును డీఏవీగా ఒకటి, డీవీఆర్ మెనూలోనే ఉన్న ఎంపీ4 ఆప్షన్‌తో ఒకటి తీసుకుని, దొరికిన ప్రతి సాఫ్ట్‌వేర్‌లో తెరిచి చూశాను. స్టాప్‌వాచ్‌లో పది సెకన్లకు ఎన్ని ఫ్రేములు వస్తున్నాయి, ఒక్కో ఫ్రేము ముందుకూ వెనక్కూ కదలగలనా, ఏదైనా ఫ్రేము రెండుసార్లు వస్తోందా అన్నవి చూశాను. అసలు సమయం మనకు తెలిసిన వీడియో ఇది కాబట్టి ఏది నిజం చెబుతోందో ఇట్టే తేలిపోతుంది. ఎవరి రివ్యూలూ చదవక్కర్లేదు.

వీఎల్‌సీ చూడటానికి బాగుంటుంది. కానీ దాంట్లో ఒక ఫ్రేము ముందుకు వెళ్ళడానికి కీబోర్డులో 'E' అక్షరం మీట ఉంది, వెనక్కి రావడానికి అంత నమ్మకమైన దారి లేదు. ఫ్రేము లెక్కించేటప్పుడు పదేపదే వెనక్కి రావాల్సి ఉంటుంది. డీవీఆర్ కంపెనీ సొంత ప్లేయర్ సమయాన్ని సరిగ్గా చూపించింది కానీ ఫ్రేము నంబరు చెప్పదు, ఏ ఫ్రేము సమయమెంతో పట్టికలా ఇవ్వదు. అయినా దాన్ని తీసేయలేదు. అసలు ఫైలును మార్చకుండా కోర్టులో చూపించాలంటే అదే తేలిక. పెన్‌డ్రైవ్‌లో ఫైలు పక్కనే ప్లేయర్‌ను కూడా పెట్టి ఇస్తున్నాను.

నాకు నిజంగా పనికొచ్చింది ఎఫ్ఎఫ్ఎంపెగ్, దాంతో పాటు వచ్చే ఎఫ్ఎఫ్‌ప్రోబ్. బటన్లు ఉండవు, నల్ల కిటికీలో కమాండ్లు టైపు చేయాలి. ఒకసారి అలవాటైతే ఆ ఇబ్బందే మేలవుతుంది, ఎందుకంటే టైపు చేసిన ప్రతి లైనూ నా నోట్సులో ఉంటుంది. అవతలివాళ్ళు అదే వెర్షన్‌లో అదే లైను కొడితే అదే ఫలితం రావాలి. ఇప్పటి వెర్షన్లు డీఏవీని నేరుగా చదువుతాయి. ఎఫ్ఎఫ్‌ప్రోబ్‌తో ప్రతి ఫ్రేము సమయమూ, అది ఐ రకమా పీ రకమా అన్నదీ ఎక్సెల్ పట్టికలోకి దింపుకోవచ్చు.

ఈ ఐ, పీ సంగతి మామూలుగా ఎవరూ పట్టించుకోరు. ఐ ఫ్రేములో బొమ్మ పూర్తిగా ఉంటుంది. పీ ఫ్రేములో ముందు ఫ్రేముకూ దీనికీ వచ్చిన తేడాయే ఉంటుంది. కదలని చోటును ముందు ఫ్రేము నుంచి తెచ్చి అతికిస్తుంది. డీవీఆర్‌లో బిట్‌రేటు, అంటే సెకను వీడియోకు కేటాయించే డేటా, మరీ తగ్గించి పెడితే, చిన్న కదలికలను కూడా తేడా లేదన్నట్టు వదిలేస్తుంది. "ఈ ఫ్రేములో చెయ్యి ఇక్కడే ఉంది కదా" అని ఎవరైనా వాదిస్తే, ఆ చెయ్యి ఆ క్షణంలో కెమెరా చూసిందా, ముందు ఫ్రేము నుంచి అతికించిందా అన్న ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్నకు దారి చూపించని సాఫ్ట్‌వేర్‌ను కొట్లాట కేసుల్లో వాడటం నాకు ఇష్టం లేదు.

ఆకారం తేడా కూడా చూసుకోవాలి. చవక డీవీఆర్లు 1080ఎన్ అని ఒక రకంలో రికార్డు చేస్తాయి. అసలు 1920 చుక్కల (పిక్సెళ్ళ) వెడల్పు ఉండాల్సింది సగం, 960 మాత్రమే దాచుకుని, ఆడించేటప్పుడు సాగదీస్తాయి. సాగదీయమన్న సంగతి సాఫ్ట్‌వేర్‌కు తెలియకపోతే మనుషులందరూ వెదురుబొంగుల్లా కనిపిస్తారు. దాని మీద ఎత్తూ దూరమూ కొలిస్తే ఇక చెప్పేదేముంది.

బైకు వేగానికి చివరికి ఒకే అంకె ఇవ్వలేదు. సెకనుకు 15 అన్న సెట్టింగును కూడా నమ్మకుండా, ఆ 30 ఫ్రేముల మొదటి సమయం, చివరి సమయం పట్టికలోంచి తీసుకున్నాను. టేపు కొలతలో, బైకు చక్రం స్తంభానికి సూటిగా వచ్చిందనుకున్న చోటులో కలిపి అర మీటరు, సమయంలో ఒక ఫ్రేము అటూ ఇటూ వదిలితే గంటకు 34 నుంచి 38 కిలోమీటర్ల మధ్య వచ్చింది. లాయర్ గారు "36 అని రాసెయ్యమ్మా, ఎందుకీ సాగదీత" అన్నారు. "సార్, అవతలివాళ్ళు ఈ అర మీటరు సంగతి అడిగితే మీరేం చెబుతారు?" అన్నాను. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

కాగితాల పని సంగతి కూడా చెప్పాలి, సాఫ్ట్‌వేర్ ఎంపిక మీద దాని ప్రభావం ఉంది. ఎలక్ట్రానిక్ సాక్ష్యంతో పాటు ఇవ్వాల్సిన సర్టిఫికెట్‌ను పాత సాక్ష్య చట్టంలో 65బీ సర్టిఫికెట్ అనేవాళ్ళు. అది తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2020లో అర్జున్ పండిత్‌రావ్ కేసులో మరోసారి గట్టిగా చెప్పింది. 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియం అమల్లోకి వచ్చాక అది 63వ సెక్షన్ అయింది. సర్టిఫికెట్‌లో ఇప్పుడు రెండు భాగాలు: పార్ట్ ఏ సాక్ష్యం ఇచ్చేవాళ్ళది, పార్ట్ బీ నిపుణుడిది. రెండింటిలోనూ ఫైలు హ్యాష్ విలువ, అంటే ఫైలు మొత్తం నుంచి లెక్కగట్టే వేలిముద్ర లాంటి అంకె, రాయాలి, ఎస్‌హెచ్ఏ-256 లాంటిది ఏ పద్ధతో కూడా టిక్కు పెట్టాలి. హ్యాష్ తీయడానికి ఏమీ కొనక్కర్లేదు. విండోస్‌లోనే సర్ట్‌యుటిల్ అనే కమాండ్ ఉంది. ఫైలులో ఒక్క బిట్ మారినా హ్యాష్ పూర్తిగా మారిపోతుంది. అందుకే తెరవగానే ఫైలులో తనంతట తాను ఏదో రాసే సాఫ్ట్‌వేర్‌ను దూరం పెట్టాను. కాపీ మీదే పని చేయడం, పనికి ముందూ తర్వాతా హ్యాష్ చూసుకోవడం అలవాటైంది. వాట్సాప్‌లో పంపించిన వీడియో అయితే ఆ మాట మొదటే చెప్పేస్తున్నాను: అది మళ్ళీ కుదించిన వీడియో, డీవీఆర్ ఇచ్చిన ఫైలు కాదు. ఈ కేసులో పార్ట్ ఏ మీద మేనేజర్ గారు సంతకం చేశారు. పార్ట్ బీకి లాయర్ గారు అర్హత ఉన్న వేరే నిపుణుణ్ణి పెట్టుకున్నారు. నా నోట్సూ కమాండ్లూ ఆయనకు ఇచ్చాను. ఆయన తన కంప్యూటర్లో మళ్ళీ చేసి చూసుకున్నారు.

ఇక "క్లియర్ చేయడం" సంగతి. ఒంగోలులోనే ఒకాయన ఇంటి ముందు పెట్టిన స్కూటర్ పోయింది. దొంగ వచ్చిన బండి కెమెరాలో పడింది. లాయర్ గారి జూనియర్ ఆ వీడియోలోంచి ఒక ఫ్రేము తీసి, ఏఐ యాప్‌లో వేసి, "అక్కా, నంబరు వచ్చేసింది" అని ఫోను చూపించాడు. నంబరు ప్లేటు షోరూం బయట నిలబెట్టినంత నిగనిగలాడుతోంది. ఏపీ 26 అని ఉంది, అంటే నెల్లూరు పాత సిరీస్. పక్క ఫ్రేము ఇచ్చి మళ్ళీ చేయమన్నాను. ఈసారి ఏపీ 27 వచ్చింది, మన ప్రకాశం. రెండు ఫ్రేముల మధ్య సెకనులో పదిహేనో వంతు కూడా లేదు. ఆ కాస్తలో బండి జిల్లా మారిపోయింది!

లెక్క వేస్తే ఇందులో వింతేమీ లేదు. ద్విచక్ర వాహనం వెనక ఉండే హై సెక్యూరిటీ ప్లేటు 200 మిల్లీమీటర్ల వెడల్పు. బండి ఉన్న చోట 20 మీటర్ల వెడల్పు 1920 చుక్కల్లో పడుతోంది, అంటే మీటరుకు 96. ప్లేటు మొత్తానికి 19 చుక్కలు. అందులో పై వరసలో రెండు అక్షరాలు, రెండు అంకెలు. ఒక్కో అంకెకు మూడో నాలుగో చుక్కలు. వాటిలో 6, 7 తేడా లేనే లేదు. లేనిదాన్ని ఏఐ తను ముందు చూసిన లక్షల బొమ్మల్లోంచి అల్లుతుంది. ఇదంతా విని లాయర్ గారు, "చెదలు తిన్న ప్రోనోటులో అంకెలు మనమే పూరించినట్టన్నమాట" అన్నారు. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో 2024లో ఒక హత్య కేసులో ఇలా ఏఐతో మెరుగుపరిచిన వీడియోను జడ్జి సాక్ష్యంగా తీసుకోవడానికి ఒప్పుకోలేదు.

మెరుగుపరచడం అంతా అబద్ధమని కాదు. బండి ఆగి ఉన్న ఫుటేజీ అయితే వరస ఫ్రేములను ఒకదానిమీద ఒకటి పేర్చి సగటు తీస్తే, రాత్రిపూట వచ్చే గరుకు తగ్గుతుంది. 16 ఫ్రేములు కలిపితే గరుకు నాలుగో వంతుకు దిగుతుంది. కొత్తగా ఏమీ అల్లదు, ఉన్నదాన్నే కూడుతుంది. దీనికి ఇమేజ్‌జే వాడుతున్నాను. అమెరికాలో నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్‌లో పుట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్ అది. డాక్టర్లూ జీవశాస్త్రం వాళ్ళూ సూక్ష్మదర్శిని బొమ్మలు కొలవడానికి వాడతారు. వెలుతురు, కాంట్రాస్టు సర్దడం కూడా దాంట్లోనే. ఆ స్కూటర్ కేసులో మాత్రం బండి కదులుతోంది, ప్లేటు చదవడం కుదరదని రాసి ఇచ్చాను. ఇంటాయనకు నచ్చలేదు.

డబ్బు పెట్టి కొనే సాఫ్ట్‌వేర్లు చూడలేదా అని అన్నయ్య అడిగాడు. చూశాను. ఇటలీలోని ట్రియెస్టే నుంచి వచ్చే ఆంప్డ్ ఫైవ్ చాలా ఫోరెన్సిక్ ల్యాబుల్లో వాడే సాఫ్ట్‌వేర్. దాంట్లో నాకు బాగా నచ్చింది ఫిల్టర్లు కాదు, రిపోర్టు. ఏ ఫిల్టర్ ఏ సెట్టింగుతో ఏ వరసలో వాడామో, దాని వెనకున్న శాస్త్రం ఏమిటో తనే రాసి ఇస్తుంది. నేను రాత్రిళ్ళు కూర్చుని రాసుకునే నోట్సంతా అది నిమిషాల్లో ఇచ్చేస్తుంది. కదిలే బండి ప్లేటును ఫ్రేము ఫ్రేముకూ సరిపెట్టి సగటు తీయడం కూడా అందులో తేలిక. ఏటా కోర్టుకు పదుల కేసులు పంపే ల్యాబ్ అయితే కళ్ళు మూసుకుని కొనొచ్చు. మా షాపు గిట్టుబాటుకు మాత్రం ఆ ఖర్చు తూగదు.

ఇంకో రకం ఉంది, డీవీఆర్ ఎగ్జామినర్ లాంటివి. పాస్‌వర్డ్ మర్చిపోయినా, డీవీఆర్ కాలిపోయినా హార్డ్‌డిస్క్ నుంచి నేరుగా ఫుటేజీ చదువుతాయి. ఈ పని ఉచిత సాఫ్ట్‌వేర్లతో చేయడం నావల్ల కాదు. డీవీఆర్ డిస్కును విండోస్‌కు తగిలిస్తే తెలియని డిస్కు అంటుంది, ఇనీషియలైజ్ చేయమంటావా, అంటే కొత్త డిస్కులా సిద్ధం చేయమంటావా అని అడుగుతుంది. సరే అని నొక్కడం కంటే ఘోరం లేదు. ఈ మధ్య పిడుగుపాటుకు డీవీఆర్ మాడిపోయిన ఒక అంగడి వాళ్ళు డిస్కు విప్పి తెచ్చారు. కంప్యూటర్‌కు తగిలించకుండా, సీరియల్ నంబరు ఫొటో తీసి, కవర్లో పెట్టి సంతకాలు చేయించి, లైసెన్సు ఉన్నవాళ్ళ దగ్గరికి విజయవాడ పంపించాం. ఒక్క కేసుకు వాళ్ళు తీసుకునే ఫీజు కొంచెం ఎక్కువే. ఇలాంటి డిస్కులు నెలకొకటి చొప్పున రావడం మొదలైతే అప్పుడు ఆ లైసెన్సు సంగతి ఆలోచిద్దామని అన్నయ్యతో అన్నాను. "ముందు కరెంటు బిల్లు కట్టు" అన్నాడు.